బనీను జేబు నుంచి ఫోను దాకా

మా నాన్నగారి బనీనుకి లోపలివైపు ఒక జేబుండేది. దర్జీ దగ్గర కూర్చుని మరీ కుట్టించుకున్నది. తెనాలిలో మద్రాసు రైలెక్కే ముందు పెద్ద నోట్లన్నీ అందులోకి వెళ్ళేవి. దాని మూతికి ఒక పిన్నీసు. పైన చొక్కా జేబులో టిక్కెట్టూ, టీకి సరిపడా చిల్లరా. డబ్బు తియ్యాలంటే చొక్కా గుండీలు విప్పాలి, పిన్నీసు ఊడదియ్యాలి. నలుగురిలో ఆ పని చెయ్యడానికి సిగ్గుపడి ఆయన చాలా ఖర్చులు మానుకునేవారు. (అసలు ప్రయోజనం అదేనని మా అమ్మ అనుమానం.)

2023 ఎండాకాలంలో ఇద్దరూ న్యూజెర్సీలో మా ఇంటికొచ్చారు. ఒక శనివారం కూరల కొట్లో నేను ఫోను తీసి యంత్రం దగ్గర పెట్టి, "టింగ్" అనిపించి, సంచులు పట్టుకుని బయటికొచ్చేశాను. కారెక్కేదాకా నాన్నగారు ఏమీ అనలేదు. బెల్టు పెట్టుకున్నాక అడిగారు.

"ఏరా, డబ్బులు గాల్లోంచి పోతున్నాయి కదా, మధ్యలో ఎవడూ పట్టుకోలేడా?"

"పట్టుకోలేడు నాన్నగారూ."

"అదే, ఎందుకు పట్టుకోలేడు?"

ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. జవాబు చెబితే చాలదు, లెక్క చేసి చూపించాలి. పాతికేళ్ళుగా కంప్యూటర్ల మీదే అన్నం తింటున్న నేను ఇల్లు చేరేదాకా నీళ్ళు నమిలాను. అప్పుడు చెప్పలేకపోయిన జవాబే ఈ టపా.

ముందు పాత పద్ధతిలో తప్పేమిటో చూడాలి. క్రెడిట్ కార్డు మీద పదహారంకెల నెంబరుంటుంది. అది తెలిసినవాడు మీ డబ్బు ఖర్చు పెట్టగలడు, కాబట్టి అది రహస్యం. కానీ ఏది కొనాలన్నా ఆ రహస్యాన్ని కొట్టువాడికి చెప్పాలి. నెలకి ముప్ఫై కొట్లకి వెళితే ముప్ఫై మందికి చెప్పినట్టు. తాళంచెవిని ఊరంతా తిప్పి తెచ్చి, రాత్రి గడియ సరిగ్గా పడిందా లేదా అని చూసుకోవడం లాంటిదిది.

మొదట్లో కార్డుల మీద అంకెలు ఉబ్బెత్తుగా ఉండేవి గుర్తుందా? కార్డుని ఒక ఇనప బల్ల మీద పెట్టి, పైన కార్బను పేపరు పెట్టి, చేత్తో అటూ ఇటూ లాగేవారు. అంకెలు కాగితం మీద పడేవి. ఆ కార్బను ముక్కలు చెత్తబుట్టలోకి వెళ్ళేవి, దొంగలు చెత్తబుట్టలు వెతికేవారు. చదువుతో పనిలేని దొంగతనం.

తరవాత వచ్చింది కార్డు వెనక నల్ల పట్టీ. దాని పుట్టుక మా ఆవిడకి ఇష్టమైన కథ. 1960 ప్రాంతాల్లో ఐబీఎంలో ఫారెస్ట్ ప్యారీ అనే ఇంజినీరు, గూఢచారి సంస్థ సీఐఏ వాళ్ళ గుర్తింపు కార్డుల కోసం, ప్లాస్టిక్కు మీద అయస్కాంతపు టేపు అతికించాలని చూస్తున్నాడు. ఏ జిగురు పెట్టినా టేపు ముడుచుకుపోతోంది. ఇంటికొచ్చి గోడు వెళ్ళబోసుకుంటే, బట్టలు ఇస్త్రీ చేస్తున్న ఆయన భార్య డొరొతియా, "ఇలా ఇవ్వండి" అని ఇస్త్రీపెట్టెతో టేపుని కార్డుకి అంటించి చూపించిందట. పేటెంట్లూ పేరూ సంగతి ఎలా ఉన్నా, ప్రపంచమంతా యాభై ఏళ్ళు గీకిన పట్టీ వెనక ఒక ఇస్త్రీపెట్టె ఉంది.

పట్టీలో ఉండేది కూడా ఆ నెంబరూ, గడువు తేదీ, పేరూ, ఇంకొన్ని అంకెలూ. గీకిన ప్రతిసారీ అవే వస్తాయి, తేడా ఉండదు. ఒకసారి నకలు తీసుకున్నవాడికి అది ఎప్పటికీ పనికొస్తుంది. సంతకం కాపాడుతుందనుకునేరు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో రెండేళ్ళు తెలుగులో సంతకం చేశాను, ఒకసారి విసుగొచ్చి "ఉప్మా" అని రాశాను. ఎవరూ ఏమీ అడగలేదు. 2018 ఏప్రిల్లో అమెరికా కార్డు కంపెనీలే సంతకం అక్కర్లేదని వదిలేశాయి.

ఇక్కడ నా సంగతొకటి చెప్పుకోవాలి. 2003లో ఒక పెద్ద దుకాణాల సంస్థలో (పేరు వద్దు) కన్సల్టెంటుగా ఉన్నాను. రోజూ రాత్రి కార్డు లావాదేవీలన్నిటినీ బ్యాంకుకి పంపే ప్రోగ్రాము ఒకటి మధ్యలో ఆగిపోతోంది. ఎందుకో చూడమన్నారు. లాగ్ ఫైలు తెరిచాను. ఒక్కో వరసలో ఒక్కో మనిషి: పేరు, పదహారంకెలు, గడువు, పట్టీలో ఉన్నదంతా ఉన్నట్టుగా. ఏ ముసుగూ లేదు. నాకు ఆశ్చర్యం కూడా వెయ్యలేదు, ఆ రోజుల్లో అలాగే ఉండేవి. తెర మీద చదవడం కష్టమై నలభై పేజీలు ప్రింటు తీసి, రైల్లో పసుప్పచ్చ పెన్నుతో గీతలు గీసుకుంటూ ఇంటికి తెచ్చాను. ఆ రాత్రి అవి వంటింటి బల్ల మీద, పప్పు గిన్నె పక్కన ఉన్నాయి. తప్పు దొరికింది, మెచ్చుకున్నారు, కాంట్రాక్టు ఆరునెలలు పొడిగించారు. ఆ కాగితాలు తరవాత ఏం చేశానో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

మరుసటి ఏడాది, 2004 డిసెంబరులో, కార్డు కంపెనీలన్నీ కలిసి పీసీఐ అనే నిబంధనలు తెచ్చాయి. పట్టీలో ఉన్నది దాచుకోకూడదు, నెంబరు దాస్తే ముసుగేసి దాచాలి, ఇలాగ. మంచివే. నాకూ బోలెడు పని దొరికింది. కానీ ఆ నిబంధనలన్నీ రహస్యం విన్నవాళ్ళు ఎలా ప్రవర్తించాలో చెప్పేవి. అసలు వాళ్ళకి రహస్యం చెప్పడమెందుకని కాదు. ఆ తేడా ఎంత పెద్దదో 2013లో టార్గెట్ దుకాణాల్లో తెలిసింది. థాంక్స్‌గివింగ్ నాటి నుంచి డిసెంబరు సగం దాకా సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. దొంగలు లోపలికొచ్చింది ఆ దుకాణాలకి ఏసీ, ఫ్రిజ్ పనులు చేసే ఒక కాంట్రాక్టరు పాస్‌వర్డుతో. దాచిన చోటికి వెళ్ళలేదు వాళ్ళు. కార్డు గీకిన క్షణంలో, క్యాషియర్ యంత్రం జ్ఞాపకంలో నెంబరు నగ్నంగా ఉండే ఆ రెప్పపాటులో ఏరుకున్నారు.

దీనికి మందు అప్పటికే ఉంది. ఫ్రాన్సులో రోలాఁ మొరెనో అనే ఆయన 1974లోనే చిప్పు ఉన్న కార్డుకి పేటెంటు తీసుకున్నాడు. 1990ల మొదట్లోనే ఫ్రెంచి బ్యాంకు కార్డులన్నిటికీ చిప్పులొచ్చాయి. ఇంగ్లండులో 2006 ఫిబ్రవరి 14 నుంచి చిప్పూ పిన్నూ తప్పనిసరయ్యాయి. అమెరికా మాత్రం కదల్లేదు. 2015 అక్టోబరు 1 నుంచి, చిప్పు యంత్రం పెట్టని కొట్లో నకిలీ కార్డు వాడితే నష్టం కొట్టువాడిదే అన్నాక కదిలింది. పెట్రోలు పంపులకి 2021 ఏప్రిల్ దాకా గడువిచ్చారు. ఆ మధ్యలోనే, 2016లో, హైవే పక్క ఒక పంపులో నా కార్డుకి నకలు తీశారు. "మీరిప్పుడు ఫ్లోరిడాలో మూడు టీవీలు కొంటున్నారా?" అని బ్యాంకు వాళ్ళు ఫోను చేశారు. నేనప్పుడు ఎడిసన్‌లో దోసె తింటున్నాను.

చిప్పు ఏం చేస్తుందో చెప్పాలంటే సుందరకాండలోకి వెళ్ళాలి. హనుమంతుడు ఉంగరం చూపించాడు. ఉంగరం వస్తువు, ఎవడైనా కాజేసి తేవచ్చు. అది మన నల్ల పట్టీ. తిరిగి వెళ్ళేటప్పుడు ఆవిడ చూడామణితో పాటు ఇంకోటి కూడా ఇచ్చింది: చిత్రకూటంలో కాకి తనని పొడిచిన కథ. అది ఆవిడకీ రాముడికీ తప్ప మూడో మనిషికి తెలియదు. రాముడు వినగానే ఇది సీత మాటేనని తెలుస్తుంది. మోసుకెళ్ళిన హనుమంతుడికి ఆ కథతో వేరే లాభం లేదు, ఒకసారి చెప్పేశాక దాని పని అయిపోయింది. చిప్పు అలాంటి కథలు ఎన్ని కావాలంటే అన్ని అల్లగలదు. లోపల ఒక రహస్యం ఉంటుంది, అది ఎన్నడూ బయటికి రాదు. ప్రతి లావాదేవీకీ, ఆ మొత్తంతో, కొట్లో యంత్రం ఇచ్చిన ఒక కొత్త అంకెతో కలిపి, ఆ రహస్యం సాయంతో ఒక్కసారికే చెల్లే జవాబు తయారుచేస్తుంది. సరిచూడగలిగేది బ్యాంకు ఒక్కటే. కొట్టువాడు హనుమంతుడు.

గాల్లోంచి పోవడం వేరే దారిలో వచ్చింది, దానికి కారణం భద్రత కాదు, జనం. 1997లో హాంకాంగ్‌లో సోనీ వాళ్ళ ఫెలికా చిప్పుతో ఆక్టోపస్ కార్డు వచ్చింది. 2001 నవంబరులో టోక్యోలో సుయికా. షింజుకు లాంటి స్టేషన్లో జనం ఆగకుండా నడవాలి కాబట్టి, గేటు దగ్గర లెక్కంతా 0.2 సెకన్లలో తేలాలని రైల్వే షరతు. 2004 జులైలో డొకోమో అదే చిప్పుని ఫోన్లో పెట్టి "ఒసైఫు కేతాయ్" అంది, అంటే పర్సు ఫోను అని. ఐఫోను పుట్టడానికి మూడేళ్ళ ముందే జపాను వాళ్ళు ఫోను తాటించి సరుకులు కొన్నారు. కాలిఫోర్నియాలో కనిపెట్టారనుకునే మన కుర్రాళ్ళకి ఈ మాట చెప్పండి.

అమెరికాలో మొదటి ప్రయత్నాలు మాత్రం నాన్నగారి అనుమానాన్నే నిజం చేశాయి. పెట్రోలు పంపుల్లో స్పీడ్‌పాస్ అనే తాళంచెవి బిళ్ళ 1997లో వచ్చింది. 2005లో జాన్స్ హాప్కిన్స్, ఆర్‌ఎస్‌ఏ పరిశోధకులు దాని సంకేతాన్ని ఛేదించి, సొంతంగా చేసిన నకలుతో పెట్రోలు పోయించుకుని చూపించారు. 2006లో మరో బృందం అప్పటి మొదటి తరం తాకకుండా వాడే క్రెడిట్ కార్డులు పరీక్షిస్తే, పేరూ నెంబరూ గాల్లోకి ముసుగు లేకుండా వస్తున్నాయని తేలింది. కవరు విప్పకుండానే చదవగలిగారు. అంటే అప్పుడు ఆయన అడిగివుంటే "పట్టుకోగలడు" అని చెప్పాల్సొచ్చేది. ఆ వార్త చదివి నేను అల్యూమినియం రేకు ఉన్న పర్సు కొన్నాను. విమానాశ్రయంలో దాన్ని చూసి రెండుసార్లు ఆపారు.

ఫోన్ల సంగతికొస్తే, 2011 సెప్టెంబరులో గూగుల్ వాలెట్ వచ్చింది. ఒక్క ఫోనులో, ఒక్క నెట్‌వర్కు మీద. రహస్యాన్ని దాచే చిన్న చిప్పు (సెక్యూర్ ఎలిమెంట్) తాళం ఎవరి చేతిలో ఉండాలన్నదే తగాదా. అది మాదంటూ ఏటీ అండ్ టీ, వెరైజన్, టీ మొబైల్ కలిసి వేరే కుంపటి పెట్టాయి. దానికి ఐసిస్ అని పేరు పెట్టుకున్నాయి పాపం, ఈజిప్టు దేవత పేరు కదా అని. 2014లో ఆ పేరు ప్రపంచానికి ఎందుకు తెలిసిందో మీకు తెలుసు. ఆదరాబాదరాగా సాఫ్ట్‌కార్డ్ అని మార్చుకుని, మరుసటి ఏడాది తమ సరంజామా గూగుల్‌కే అమ్ముకున్నాయి. ఇంకోపక్క వాల్‌మార్ట్ లాంటి దుకాణాలు, కార్డు కంపెనీలకి కమిషన్ ఎందుకివ్వాలని కరెంట్‌సీ అనే సొంత పద్ధతి మొదలుపెట్టాయి. 2014 అక్టోబరు 20న ఆపిల్ పే రాగానే ఆ జట్టులోని రెండు మందుల దుకాణాల సంస్థలు, పనిచేస్తున్న యంత్రాల్లో ఆ వసతిని ఆపేశాయి. అదే నెలలో కరెంట్‌సీ పరీక్షిస్తున్న వాళ్ళ ఈమెయిళ్ళు దొంగలపాలయ్యాయి. 2016లో మూతపడింది. వాడుకునేవాడికి ఏది క్షేమమన్న మాట ఈ మూడేళ్ళ తగాదాలో నేను పెద్దగా వినలేదు.

ఆపిల్ పే తెచ్చిన ముఖ్యమైన మార్పు టోకెన్. దాన్ని ఆపిల్ ఒక్కటే కనిపెట్టలేదు, అదే ఏడాది మార్చిలో కార్డు కంపెనీల ఉమ్మడి సంస్థ ఈఎంవీకో పద్ధతి ప్రకటించింది. మీరు కార్డుని ఫోనులోకి ఎక్కించినప్పుడు అసలు నెంబరు ఫోనులో ఉండదు. దాని బదులు ఆ ఒక్క ఫోనుకే పనికొచ్చే మారునెంబరు ఇస్తారు. కొట్టువాడికి చేరేది మారునెంబరూ, ఒక్కసారికే చెల్లే ఆ జవాబూ. ఆ రెండూ ఎవరైనా ప్రింటు తీసి ఇంటికి తీసుకెళ్ళి పప్పు గిన్నె పక్కన పెట్టుకున్నా ఏమీ కాదు. ఫోను పోతే ఆ మారునెంబరు రద్దు చేస్తే సరి, కార్డు మార్చక్కర్లేదు. పైగా వేలిముద్రో ముఖమో చూపిస్తే తప్ప ఫోను కథ చెప్పదు. పర్సు కొట్టేసినవాడు వెంటనే ఖర్చు పెట్టగలడు, తాళమేసిన ఫోను కొట్టేసినవాడు ముందు దాన్ని తెరవాలి.

కాబట్టి నాన్నగారికి లెక్క ఇది: గాల్లో పట్టుకోవచ్చు, బాగా దగ్గరికొస్తే. పట్టుకున్నదానితో ఇంకో కొట్లో కొత్తిమీర కట్ట కూడా కొనలేడు.

ఇంతటితో ఆపితే సగం అబద్ధం చెప్పినట్టే. 2015 మొదట్లోనే దొంగలు వేరే ద్వారం వెతికారు. ఎక్కడో కాజేసిన కార్డు నెంబర్లని తమ ఐఫోన్లలోకి ఎక్కించుకున్నారు. "ఈ కార్డు నీదేనా?" అని బ్యాంకులు సరిగ్గా అడగలేదు. తాళం గట్టిదే, తాళంచెవి చేసిచ్చేవాడు మొహం చూడలేదు. అదే ఎత్తు ఇప్పుడు ముదిరింది. "మీ టోల్ బాకీ ఉంది", "మీ పార్సెల్ ఆగిపోయింది" అని అమెరికాలో మనందరికీ వస్తున్న మెసేజీలు చూశారు కదా. ఆ నకిలీ పేజీలో కార్డు నెంబరు కొడితే, వెంటనే బ్యాంకు నుంచి ఒక కోడు వస్తుంది. అదీ కొట్టమంటారు. ఆ కోడు మూడు డాలర్ల టోలుకి కాదు, మీ కార్డుని వాళ్ళ ఫోనులోకి ఎక్కించడానికి. అందుకని ఆ మెసేజి పూర్తిగా చదవండి, దేనికి కోడు పంపారో అందులోనే రాసి ఉంటుంది. 2021లో ఇంగ్లండు పరిశోధకులు ఇంకోటి చూపించారు: రైలు గేట్ల కోసం ఫోను తెరవకుండానే పనిచేసే వసతిని, వీసా కార్డుతో ఐఫోనులో పెట్టుకుంటే, గేటులా నటించే పరికరంతో వెయ్యి పౌండ్లు లాగవచ్చని. అది ప్రయోగశాలలో చేసింది. అయినా నేను రైలుకి పెట్టిన కార్డు వేరు.

నాన్నగారి ప్రశ్న వెనక ఇంకో కథ ఉందని నాకు వారం తరవాత తెలిసింది. మా అమ్మ వంటింట్లో గొంతు తగ్గించి చెప్పింది.

మన దేశం ఇంకో దారి పట్టింది కదా. 2016 ఏప్రిల్లో యూపీఐ, నవంబరు 8న నోట్ల రద్దు, డిసెంబరు 30న భీమ్. ఖరీదైన యంత్రాల బదులు కాగితం మీద క్యూఆర్ బొమ్మ అతికిస్తే చాలు. (ఆ బొమ్మా జపాను వాళ్ళదే, 1994లో డెన్సో కంపెనీలో మసహిరో హరా బృందం కార్ల విడిభాగాల లెక్క కోసం చేసింది.) 2023 ఆగస్టుకి నెలకి వెయ్యి కోట్ల లావాదేవీలు దాటాయి. ఇందులో కొట్టువాడు మన దగ్గర్నుంచి తీసుకునేది ఏమీ లేదు, మనమే పంపుతాం. నేను 2003లో చూసిన జబ్బు దీనికి పుట్టుకలోనే లేదు. కానీ పంపేది మనిషి.

2021లో నాన్నగారు పాత బీరువా అమ్ముదామని ఎవరి చేతో ప్రకటన పెట్టించారు. మిలిటరీలో పనిచేస్తున్నానంటూ ఒకడు ఫోను చేసి, బేరం కూడా ఆడకుండా ఒప్పుకుని, క్యూఆర్ పంపాడు. "స్కాన్ చేసి పిన్ కొట్టండి మాస్టారూ, మీ ఖాతాలో పడతాయి." కొట్టారు. తొమ్మిది వేలు పోయాయి. డబ్బు పుచ్చుకోడానికి పిన్ ఎందుకని ఆయనకి తట్టలేదు. తట్టకపోవడమే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. "నలభై ఏళ్ళు కూడికలూ తీసివేతలూ చెప్పినవాణ్ణి" అని, నాకు చెప్పొద్దని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నారట. వ్యక్తులు ఒకరినొకరు డబ్బు అడిగే "కలెక్ట్" వసతిని, ఇలాంటి మోసాలకే వాడుతున్నారని, 2025 అక్టోబరు 1 నుంచి యూపీఐలో తీసేశారు. క్యూఆర్ పంపి మాయచేసేవాడికి అది అడ్డు కాదు.

నాకు తెలిసినట్టు ఆయనకి ఇప్పటికీ తెలియదు. (తెలుగు చదువుతారు గానీ ఇవి చదవరు.) ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఫోను గురించే మాట్లాడుకున్నాం. ఏ సందర్భమూ లేనట్టు అన్నాను: "పిన్ కొడితే డబ్బు పోవడమే నాన్నగారూ, రావడానికి ఏమీ కొట్టక్కర్లేదు." కాసేపు గోడకేసి చూసి, "అది ముందే చెప్పాలిరా ఎవరైనా" అన్నారు.

కిందటేడు తెనాలి వెళ్ళినప్పుడు ఆయనతో కూరల మార్కెట్టుకి వెళ్ళాను. ప్రవాసులకి విదేశీ నెంబర్లతోనే యూపీఐ వాడుకోవచ్చని 2023లోనే పది దేశాలకి అనుమతి వచ్చింది గానీ, నా ఖాతాకి అది ఇంకా పడనివ్వలేదు మా బ్యాంకు. అందుకని డబ్బు ఆయనే కట్టారు. స్కాన్ చేసి, పేరు రెండుసార్లు పైకి చదివి, అమ్మకి కూడా కనపడకుండా గోడవైపు తిరిగి, ఎడం చెయ్యి అడ్డం పెట్టి పిన్ కొట్టారు. వంకాయల బుట్ట మీదున్న పెట్టె, "నూట ఇరవై రూపాయలు వచ్చాయి" అని బజారంతటికీ వినపడేలా అరిచింది. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. వచ్చేటప్పుడు ఆటో దిగి, అటూ ఇటూ చూసి, చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టారు.